మొలలోతు సముద్రం

ఓడ పదకొండు గంటలకి బయల్దేరుతుందని టికెట్టు మీద అచ్చేసి ఉంది. తొమ్మిదింటికల్లా ఎక్కెయ్యాలని దాని కింద ఇంకో ముక్క కూడా ఉంది. చిన్నబాబు మాత్రం అది సాయంత్రం అయిదింటికి గానీ కదలదని నాగాయలంకలో బస్సెక్కినప్పటి నుంచీ ఘంటాపథంగా చెబుతూనే ఉన్నాడు. అవనిగడ్డలో టీ కొట్టు వాడికి చెప్పాడు. చల్లపల్లిలో పక్క సీట్లో కూర్చున్న పెద్దాయనకి చెప్పాడు. బందరు స్టేషన్లో కిటికీ వెనక కూర్చుని టికెట్లిచ్చే గుమాస్తాకి కూడా చెప్పాడు. ఆ గుమాస్తా అడిగింది చిల్లర ఉందా అని మాత్రమే.

"రేపు దశమండీ. దశమి నాడు నిండు పోటు సాయంత్రం అయిదుకి. పదకొండుకి పక్కా పాటు. పాటు మీద ఓడ ఎట్టా కదుల్తాది?"

అతను పుట్టి పెరిగిన చోట ఈ లెక్కలో తప్పు లేదు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. నీరు ఎక్కుతుంటే పోటు, దిగుతుంటే పాటు. పోటు మీద పడవ తోస్తే మేట దాటి సముద్రంలో పడుతుంది. పాటు మీద తోస్తే అడుగు ఇసుకలో కూరుకుపోయి, మళ్ళీ నీరు ఎక్కేదాకా నలుగురూ అందులో కూర్చుని చుట్టలు కాల్చుకోవాల్సిందే. అందుకే వాళ్ళ జాలరి పాలెంలో ఎవరికీ గడియారంతో పని లేదు. ఇవాళ ఏ తిథి అని చెబితే చాలు, పోటు ఎన్నింటికో చిన్నపిల్లాడు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతాడు.

ఆ లెక్క అతని భార్య సూర్యకుమారికీ వచ్చు. అయితే ఆమెకి ఇంకో సంగతి కూడా తెలుసు. రైలు పోటు కోసం ఆగదు, బస్సు ఆగదు, టికెట్టు మీద పదకొండు అని అచ్చేసినవాడు తన మొగుడి మేనమామ కొడుకు కాదు. ఈ ముక్కే ఇంటి దగ్గర రెండుసార్లు చెప్పింది. మొదటిసారి చిన్నబాబు నవ్వాడు, రెండోసారి విననట్టు బయటికెళ్ళిపోయాడు. మూడోసారి చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే నోరు నొప్పి తప్ప ఏం మిగులుతుంది?

ఆ టికెట్లు వాళ్ళ చేతికి రావడం కూడా విచిత్రమే. కృత్తివెన్ను దగ్గర గోవర్ధనరావు గారికి రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ ఉంది. వరి పొలాలు తవ్వించి చెరువులు చేసి, చెరువుల మీద డబ్బుతో హేచరీ పెట్టిన ఆసామి ఆయన. ఆయన దగ్గర మేత ఎక్కువగా అమ్ముడైందని మేత కంపెనీ వాళ్ళు రెండు టికెట్లు బహుమానంగా ఇచ్చారు. విశాఖపట్నం రేవులో ఎక్కితే సముద్రంలో మూడు రాత్రుళ్ళు తిప్పి మళ్ళీ అక్కడే దింపే విహారపు ఓడ. ఆయన భార్య జానకమ్మ గారికి ఏరు దాటే పంటు మీదే వాంతులవుతాయి. అందుకని ఆయన, తన హేచరీకి తల్లి రొయ్యలు పట్టి తెచ్చే చిన్నబాబుని పిలిచి, నువ్వు తెచ్చిన రొయ్యలతోనే నా హేచరీ నిలబడింది, నువ్వూ మీ ఆవిడా సరదాగా వెళ్ళిరండి అన్నాడు. పేర్లు కూడా ఆయనే మార్పించి పెట్టాడు.

నువ్వు తెచ్చిన రొయ్యలు అన్నాడాయన. అందరూ అదే మాట అంటారు. చిన్నబాబు పట్టడం పట్టేవాడే, కాదనలేం. పట్టిన తల్లి రొయ్య హేచరీ చేరేదాకా బతికుంటేనే దానికి విలువ. చస్తే కూరకి తప్ప ఎందుకూ పనికిరాదు. పడవ వచ్చే వేళకి సూర్యకుమారి సముద్రంలోకి దిగి మొలలోతు నీళ్ళలో నిలబడేది. పై నుంచి తొట్టి అందిస్తే నెత్తి మీద పెట్టుకుని ఒడ్డుకి తెచ్చేది. రొయ్య ముట్టె మీదుండే ముల్లు సంచిని చీల్చకుండా దానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగేది. నీళ్ళు వేడెక్కితే మార్చేది. జీపులో తొట్టి రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని కృత్తివెన్ను దాకా రెప్ప వెయ్యకుండా కూర్చునేది. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో చచ్చిన తల్లి రొయ్యల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాట ఎవరూ అనలేదు, గోవర్ధనరావు గారూ అనలేదు.

అలా ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె సముద్రం మొలలోతు దగ్గరే ఆగిపోయింది. ఆడది పడవెక్కకూడదు. ఎక్కితే గంగమ్మకి కోపం వస్తుంది, వల ఖాళీగా వస్తుంది, ఒక్కోసారి మనిషే రాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తొట్టి అందుకుంటూ ఒకసారి పడవ అంచు పట్టుకుంది. మామగారు తెడ్డుతో ఆమె వేళ్ళ పక్కన కొట్టాడు. తగల్లేదు, తగలాలని కొట్టనూ లేదు. ఆ రోజు నుంచీ ఆమె అంచు పట్టుకోలేదు. పట్టుకోలేదు కానీ, పడవ దూరమై చుక్కంత అయ్యేదాకా ఒడ్డున నిలబడి చూసేది. అక్కడ ఏముంటుంది, ఒడ్డు కనపడనంత దూరం వెళితే ఎలా ఉంటుంది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి అక్కడ నిలబడాలి. ఆమెకున్న కోరికల్లా అదే. బంగారం అడగలేదు, డాబా అడగలేదు.

అందుకని ఆ టికెట్టు వచ్చిన రోజు ఆమె దాన్ని పధ్నాలుగేళ్ళ కూతురు రాజకుమారి చేత నాలుగుసార్లు చదివించుకుంది. ఇంగ్లీషులో ఉన్న తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. తర్వాత ఓటరు కార్డుతో కలిపి మడిచి, జాకెట్లో దాచుకునే చిన్న పర్సులో పెట్టుకుంది. చిన్నబాబు తన టికెట్టు చొక్కా జేబులో, నలుగురికీ కనపడేలా పెట్టుకున్నాడు. ఆ ఓడ టికెట్టు ముందు రైలు టికెట్టు అతని కంటికి ఆనలేదు. దాన్ని భార్య చేతికిచ్చి, ఇది నువ్వుంచుకో అన్నాడు.

పాలెం పెద్ద పిచ్చేశ్వరరావుకి ఈ ప్రయాణం నచ్చలేదు. వల లేని ఓడ కాబట్టి తప్పని అనలేను గానీ మంచిదనీ అనలేనని గొణిగాడు. మర్నాడు టీ కొట్టు దగ్గర చిన్నబాబు కూర్చోగానే ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచే చిన్నబాబు దశమి, పోటు, అయిదు గంటలు అంటూ జపం మొదలుపెట్టాడు. అతను ఆ మాట నమ్మే అన్నాడు, అందులో అబద్ధం లేదు. కానీ మనిషికి తన నమ్మకం తన అవసరానికి పనికొస్తే, దాన్ని కదిలించడం ఎవరి తరం?

బందరులో బండి మధ్యాహ్నం మూడున్నరకి కదిలింది. మర్నాడు తెల్లారకముందే విశాఖపట్నం చేరుతుంది. ఎదురు సీట్లో గాయత్రి అనే అమ్మాయి కూర్చుంది, భీమవరం కాలేజీలో లెక్కల పంతులమ్మ. ఎక్కడికండీ అని ఆమె మర్యాదకి అడిగిందో లేదో, చిన్నబాబు జేబులోంచి టికెట్టు తీసి చేతిలో పెట్టాడు. పెడన వచ్చేసరికి ఆ అమ్మాయికి దశమి సంగతి, పోటు సంగతి, మొగ సంగతి అన్నీ తెలిసిపోయాయి.

ఆ పిల్ల పాపం చాలా నెమ్మదిగా, విశాఖ రేవు లోతుగా తవ్విన రేవు అనీ, అక్కడ పెద్ద ఓడలకి మన మొగలో లాగ ఇసుక మేట అడ్డం ఉండదనీ, చెప్పిన టైముకే వెళ్ళిపోతాయనీ చెప్పింది. వాళ్ళ అన్నయ్య ఆ రేవులోనే పని చేస్తాడట. చిన్నబాబు జాలిగా నవ్వాడు. పుస్తకాలు చదివిన వాళ్ళకి నీళ్ళ సంగతి ఏం తెలుస్తుందన్నట్టు నవ్వి, చిన్న పడవకే ఇన్ని నీళ్ళు కావాల్సొస్తే అంత పెద్ద ఓడకి ఎన్ని కావాలో మీరే లెక్క వెయ్యండి, మీరు లెక్కల టీచరు కదా అన్నాడు. పక్కనున్న వాళ్ళు కూడా నవ్వారు. గాయత్రి కిటికీ వైపు తిరిగింది.

సూర్యకుమారికి ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి అన్న అక్కడే పని చేస్తాడని చెబుతోంది, అయినా వినడు. ఆడగొంతు నుంచి వచ్చిన మాట అతని చెవిలోకి వెళ్ళే దారి పుట్టుకతోనే పూడిపోయింది. ఆ అమ్మాయి స్థానంలో మీసాలున్నవాడెవడైనా చెప్పి ఉంటే, అట్టాగా అండీ అని నోరు తెరుచుకుని వినేవాడు. ఆమె ఇవన్నీ లోపలే అనుకుంది. ఎలాగూ బండి వెళుతోంది, తెల్లారేసరికి విశాఖలో ఉంటాం, ఇతని పోటూ పాటూ ఇతని దగ్గరే ఉండనీ అని సర్దుకుంది. ఆడవాళ్ళు సర్దుకున్నంత సేపూ అన్నీ బాగానే ఉంటాయి.

గుడివాడలో ఆ బండికి ఇంజను ఒక వైపు నుంచి తీసి రెండో వైపు తగిలిస్తారు. అరగంట ఆగుతుంది. బండి ఆగగానే చిన్నబాబు లేచి పై నుంచి రెండు సంచులూ దింపాడు. ఒకదానిలో బట్టలు, రెండోదానిలో తిండి. కాస్త నీళ్ళు తెస్తాడేమో, సంచులెందుకు అనుకుంది సూర్యకుమారి.

"దిగు," అన్నాడు చిన్నబాబు.

ఇది గుడివాడ కదా అంది ఆమె. గుడివాడే, దిగమన్నాడు. ఇంతలో కిటికీ దగ్గర అచ్చమ్మ మొహం కనిపించింది. చిన్నబాబు అక్క, గుడివాడ చేపల మార్కెట్లో దుకాణం పెట్టుకున్న మనిషి. జరీ చీర కట్టింది, తల్లో పూలు పెట్టింది, మొహం నిండా నవ్వు. వెనకాల ఆమె మొగుడు యలమంద రిక్షా మాట్లాడుతున్నాడు. మనవడికి ఇవాళ పుట్టు వెంట్రుకలు తీయించారట, మేకపోతుని కోశారట, చుట్టాలందరూ భోజనాలకి కూర్చోకుండా తమ్ముడి కోసం చూస్తున్నారట. రాత్రికి ఉండి పొద్దున బండికి వెళ్ళొచ్చని వాళ్ళు వారం కిందటే అనుకున్నారట. పొద్దున బండి విశాఖ చేరేది సాయంత్రం నాలుగు గంటలకి. పోటు అయిదుకి. గంట టైము మిగిలే ఉంటుందని అచ్చమ్మ కూడా లెక్క కట్టి చెప్పింది.

వారం కిందటే. సూర్యకుమారికి మొదట చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఈ వారం అంతా తను కొత్త చీరకి ఫాల్ కుట్టుకుంది, కూతురికి అన్నం ఎవరు పెడతారో ఏర్పాటు చేసుకుంది, నిద్రలో కూడా లేచి పర్సు తడుముకుంది. ఈ వారం అంతా ఇతను లోపల ఇది పెట్టుకుని తన ఎదురుగానే చేపల పులుసు కలుపుకుని తిన్నాడు. చెబితే గొడవ చేస్తుందని చెప్పలేదు. రైలెక్కించి, సగం దారిలో సంచులు దింపేస్తే, చచ్చినట్టు వెనకాలే వస్తుందనుకున్నాడు. ఇన్నేళ్ళూ అలాగే వచ్చింది కాబట్టి అనుకున్నాడు.

"బావా, నేను దిగను," అంది.

చిన్నబాబు ఆమెకేసి కాకుండా చుట్టూ ఉన్న వాళ్ళకేసి చూశాడు. నలుగురిలో పరువు తియ్యొద్దని పళ్ళ బిగువున అన్నాడు. అచ్చమ్మ కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి పెట్టి మరదలి గడ్డం పట్టుకుంది. ఓడ ఎక్కడికి పోతుందే, అయినా ఆడదానివి నీకంత తొందరేమిటి, ఇన్నాళ్ళూ ఎక్కనిది ఒక పూట ఆలస్యంగా ఎక్కితే కొంపలు మునుగుతాయా అంది. తర్వాత గొంతు తగ్గించి, అసలు ఎక్కకపోయినా మంచిదే, పాలెంలో మగాళ్ళు ఏమనుకుంటున్నారో నాకూ తెలిసింది, తమ్ముడు రోజూ నీళ్ళ మీదకెళ్ళే మనిషి అంది.

ఆ మాట దగ్గర సూర్యకుమారి అచ్చమ్మ చెయ్యి తీసి కిటికీ బయట పెట్టింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చిన్నబాబు అప్పటికే ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు సంచులు. ఆమె జన్మలో అంత కోపంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఉప్పెన మా ఇంట్లోకొచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. మా అమ్మ నన్ను తాటి చెట్టుకి కట్టేసి, తను కొట్టుకుపోయింది. ఆ రోజు సముద్రం ఆడదా మగాడా అని చూసిందా బావా? ఆడదాని మీదకి అది రావొచ్చు, ఆడది దాని మీదకి వెళ్ళకూడదా? దానికి లేని పట్టింపు మీకెందుకు? ఎవరు చెప్పారు మీకు?"

ప్లాట్‌ఫాం మీద వేరుశెనక్కాయలమ్మే మనిషి కూడా ఆగి చూశాడు. చిన్నబాబు మొహం నల్లబడింది. జవాబు లేని మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు.

"ఇప్పుడా సంగతులెందుకు? దిగిరా. ఓడ ఎక్కడికీ పోదు."

అని వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని అతనికి తోచలేదు. పెళ్ళయిన రోజు నుంచీ సంతకైనా, ఆసుపత్రికైనా, తిరనాళ్ళకైనా అతను ముందు నడిచాడు, ఆమె నాలుగడుగులు వెనక నడిచింది. ఇవాళ మాత్రం ఆమె అడుగులు వినపడకపోతాయని అనుకోవడానికి కారణం ఏముంది? అచ్చమ్మ ఒక్కతే రెండుసార్లు తిరిగి చూసి, రావే అన్నట్టు చెయ్యి ఊపింది.

ఇంజను తగిలించిన కుదుపు వచ్చింది. సూర్యకుమారి గుమ్మం కడ్డీ పట్టుకుని అతని వీపు చూస్తూ నిలబడింది. దిగాలంటే రెండే మెట్లు. దిగితే రిక్షా, మేక మాంసం, చుట్టాల పరాచికాలు. దిగితే రేపు నాలుగింటికి ఖాళీ రేవు, ఆ తర్వాత జీవితమంతా మొలలోతు. బండి కూత వేసింది. అతను మెట్ల వంతెన దగ్గరికి చేరాడు. బండి కదిలింది.

అప్పుడు తిరిగి చూశాడు చిన్నబాబు. సంచులు పడేసి పరిగెత్తాడు. సముద్రం మీద గట్టివాడే కానీ, నేల మీద పరుగు అతనికి అలవాటు లేదు. జేబులో టికెట్టు ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ, సూరీ సూరీ అని అరిచాడు. పెట్టెలో అందరూ లేచారు. చైను లాగమని ఒకాయన, లాగండమ్మా మీ ఆయన వస్తున్నాడని ఇంకొకావిడ. సూర్యకుమారి లోపలికి వచ్చి చైను కింద నిలబడింది, చెయ్యెత్తి దాని మీద పెట్టింది కూడా. చల్లగా ఉంది ఇనుము. ఇది లాగితే బండి ఆగుతుంది. బండి ఆగితే అతను ఎక్కడు, తనని దింపుతాడు. అది ఆమెకి పోటు లెక్క కంటే ఖాయంగా తెలుసు.

చెయ్యి తీసేసింది. లాగబోయిన పెద్దాయన చెయ్యి కూడా పట్టుకుని దింపింది.

"ఆయనకి తొందర లేదండి," అంది. "ఆయన ఓడ సాయంత్రం అయిదుకి."

తన సీట్లో కూర్చుంది. చేసిన పనికి భయం వెయ్యలేదు, ఇన్నాళ్ళూ చెయ్యనందుకు కోపం ఒళ్ళంతా పాకింది. గాయత్రి తన సీసాలోని మంచినీళ్ళు ఇచ్చింది. భీమవరంలో దిగేముందు తన దగ్గరున్న పులిహోర పొట్లం కూడా ఇచ్చి, రేవుకి ఏ గేటు నుంచి వెళ్ళాలో చెప్పి, పోలీసు ఆపితే టికెట్టు, ఓటరు కార్డు రెండూ చూపించమంది. మీరు మంచి పని చేశారనో చెడ్డ పని చేశారనో అనలేదు. అనకపోవడమే ఆ పిల్ల చేసిన ఉపకారం.

విశాఖలో దిగేసరికి సూర్యకుమారి దగ్గర కట్టుబట్టలు, పర్సు, పులిహోర వాసన వేస్తున్న కాగితం తప్ప ఏమీ లేవు. స్టేషన్లో మొహం కడుక్కుని, తెల్లారేదాకా కూర్చుని, అడుగుతూ అడుగుతూ రేవుకి చేరింది. గేటు దగ్గర కాపలావాడు ఆమెని కింది నుంచి పైకి చూసి, చేపల రేవు ఆ పక్కనుందని చెయ్యి చూపించాడు. ఆమె టికెట్టు తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు, లోపల ఎవరితోనో మాట్లాడి వచ్చి, అప్పుడు అమ్మా అని పిలిచాడు. ఓడ దగ్గర తెల్లబట్టల ఆఫీసరు కాగితం చూసి, ఇద్దరు కదా, మీవారేరీ అన్నాడు. రాలేదండి అంది. ఒక్కరే వెళతారా అన్నాడు. టికెట్టు మీద ఆడవాళ్ళు ఒక్కళ్ళే ఎక్కకూడదని ఏమైనా అచ్చేశారా అని ఆమె అడిగింది. ఆఫీసరు నవ్వి దారి వదిలాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

పదకొండు కొట్టగానే ఓడ కదిలింది. సూర్యకుమారి పైన ఓడ అంచున ఇనుప కటకటా పట్టుకుని నిలబడి గట్టు రాళ్ళ మీద తడి ఎక్కడిదాకా ఉందో చూసింది. నీరు అడుగంటా దిగి ఉంది. పక్కా పాటు. ఒక చిన్న ఓడ తాడు కట్టి ఈ పెద్ద ఓడ మూతిని పక్కకి లాగింది, అంతే, ఏ ఇసుకా తగల్లేదు, ఏ కుదుపూ లేదు. సముద్రంలోకి వచ్చాక కొండలు చిన్నవయ్యాయి, తర్వాత గీతయ్యాయి, తర్వాత లేవు.

చుట్టూ నీళ్ళు. నాలుగు వైపులా ఒకే నీలం. ఇన్నేళ్ళుగా చూడాలనుకున్న చోటు ఇదే. ఏదో జరుగుతుందని కాసేపు ఎదురు చూసింది. ఏమీ జరగలేదు. గంగమ్మ లేవలేదు. ఓడ వంగలేదు. గాలి ఆమె కొంగుని పక్కకి కొట్టింది, ఎవరి కొంగునైనా కొట్టినట్టే.

మధ్యాహ్నం నీలం యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చి తాళ్ళు చుట్టలు చుట్టడం మొదలుపెట్టింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. గాజువాక పిల్లే, తండ్రి లారీ తోలేవాడట. నువ్వు ఈ ఓడ మీద పని చేస్తావా అని సూర్యకుమారి అడిగింది. నాలుగేళ్ళ నించి చేస్తన్నానండి, ఇంకా పదిహేనుమంది ఆడపిల్లలున్నాం అంది. నెలకి అయిదారుసార్లు సముద్రం మీదకి వస్తారట. ఈ నాలుగేళ్ళలో ఏమైనా జరిగిందా అని సూర్యకుమారి అడిగింది. ఆ పిల్లకి ప్రశ్న అర్థం కాలేదు. ఏం జరగాలండీ అంది, తాడు చుట్ట పక్కన పెట్టి, మొదటి రెండు రోజులూ వాంతులయ్యాయి అంది.

సూర్యకుమారి మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది. ఇంతేనా? దీనికేనా తెడ్డు పెట్టి వేళ్ళ పక్కన కొట్టారు? దీనికేనా అత్తగారు, అత్తగారి అత్తగారు, అమ్మమ్మ అందరూ నడుం దాకా తడిసి ఒడ్డునే ముసలివాళ్ళయ్యి చచ్చిపోయారు? ఒక్కరంటే ఒక్కరు ఎక్కి చూడలేదు, ఎక్కి ఉంటే ఆ రోజే తేలిపోయేది. సంతోషం కోసం వచ్చిందామె. ఇక్కడికి చేరాక చూస్తే సంతోషం లేదు, కోపమే ఉంది, ఒడ్డున ఉన్నప్పటి కంటే ఎక్కువ ఉంది. ఒడ్డున ఉన్నప్పుడు ఏమో, నిజమేనేమో అన్న అనుమానం కాస్త అడ్డం ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

అయిదయింది. విశాఖ రేవులో పోటు నిండి ఉంటుంది. ఆ సంగతిలో మాత్రం చిన్నబాబు లెక్క తప్పదు. గేటు బయట నిలబడి జేబులోంచి టికెట్టు తీసి కాపలావాడికి చూపిస్తూ ఉంటాడు. అతన్ని తలుచుకుని తిట్టుకుందామని నోరు తెరిచింది, తిట్టు రాలేదు. అతని మొహం బదులు కూతురి మొహం వచ్చింది.

రాజకుమారికి ఏడేళ్ళప్పుడు. ఒడ్డు మీదకి లాగిపెట్టిన ఖాళీ పడవలోకి ఎక్కి, రెండు చేతులూ చాపి, అమ్మా చూడు అని అరిచింది. సూర్యకుమారి ఇసకలో పరిగెత్తుకెళ్ళి, రెక్క పట్టి కిందికి లాగి, చెంప మీద కొట్టింది. అయిదు వేళ్ళూ తేలాయి. ఎందుకు కొట్టావని పిల్ల ఏడుస్తూ అడిగితే, ఎక్కకూడదంతే అంది. మళ్ళీ ఎక్కుతావా అని అడిగి, ఎక్కనని మూడుసార్లు చెప్పించుకుంది. ఆ పిల్ల ఆ తర్వాత ఎప్పుడూ పడవ దగ్గరికి రాలేదు. మొన్న టికెట్టు చదువుతూ కూడా, నేనూ వస్తానని ఒక్క మాట అనలేదు.

ఆ దెబ్బ చిన్నబాబు కొట్టలేదు. మామగారు కొట్టలేదు. అచ్చమ్మా కాదు, పిచ్చేశ్వరరావూ కాదు. ఆ రోజు చుట్టుపక్కల మగాడన్నవాడే లేడు.

సూర్యకుమారి కుడి చెయ్యి చాపి చూసుకుంది. తర్వాత ఆ చేత్తోనే కటకటాని గట్టిగా పట్టుకుంది. కింద భోజనాలకి గంట కొట్టారు. తాళ్ళ పిల్ల వచ్చి, రండమ్మా, చల్లారిపోతుంది అని పిలిచింది. ఆమె వెళ్ళలేదు.